గోరింక నోట సగం పాఠం

నంద్యాల,
25 జూన్ 1978

దానమ్మత్తకు మేనల్లుడు సుందరరాజు చేతులు కట్టుకుని చెప్పుకునే వందనాలు.

ఇక్కడ హాస్టలు చారు తప్ప అందరమూ క్షేమం. చారు సంగతి తాగినవాళ్లు ఇంకా తేల్చలేదు. నా కాలికి పుత్తూరు కట్టు కట్టారు. గోడ దూకి సినిమాకు పోవడం తప్పు కాదట, తిరిగి దూకడమే తప్పట. వార్డెను గారి అభిప్రాయం మాత్రం వేరు. అందుకే బస్సెక్కి నీ దగ్గరికి రాలేక ఈ ఉత్తరం.

నీ కార్డు అందింది. అంటే, ముందు వార్డెను చదివాడు, వంటమాస్టరు బాలస్వామి చదివించుకున్నాడు, ఆనక నాకు అందింది. కాబట్టి మోషే మామ పోయిన మూడు నెలలకు, ఆయన పెంచిన గోరింక ఆయన గొంతుతోనే దగ్గి, ఆయన గొంతుతోనే అర్థం కాని మాటలు మాట్లాడుతోందన్న సంగతి నంద్యాలలో నాకంటే ముందు చాలామందికి తెలిసిపోయింది. బాలస్వామి తీర్పు ఇది: "దయ్యమేప్పా అది. మీ అత్తను మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో ఎయ్యమను."

అత్తా, నేను బి.ఏ. ఆఖరి సంవత్సరం. దయ్యాలు లేవని మాకు పాఠం ఉంది. అందుకని పగటిపూట నేను నమ్మడం లేదు.

నీ కార్డులో ఒక మాట మాత్రం నన్ను నవ్వనివ్వలేదు: "పిట్ట దగ్గితే నా చేతిలో చెంబు జారింది." మామ దగ్గు నాకూ గుర్తే. గొంతులో గులకరాయి దొర్లినట్టు రెండుసార్లు, తర్వాత ఒక నిట్టూర్పు. ఆ నిట్టూర్పు కూడా వస్తోందా?

ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించిన చెయ్యి నీది. పిట్ట నోట ఏ అక్షరం ఎట్లా పడుతోందో అట్లాగే రాసి పంపు.

కుంటి అల్లుడు,
సుందరరాజు


ఆళ్లగడ్డ,
3 జులై 1978

సుందరా,

చేతులు కట్టుకుని ఉత్తరం ఎట్లా రాసినావో ముందు అది చెప్పు.

కార్డు మీద రాయడం నాదే తప్పు. ఇకనుంచి ఇన్‌లాండు కవరే. బాలస్వామిని చారు సంగతి చూసుకోమను.

నిట్టూర్పు కూడా వస్తాంది.

నీకు తెలుసు కదా, పొద్దున స్నానానికి నీళ్లు కాగబెట్టేది నేను. ఆ కాగేలోపల పెరట్లో వేపచెట్టు కింద స్టూలేసుకుని పంజరం ముందు కూర్చునేది మీ మామ. ఏదో గొణుగుతా ఉండేవాడు. వంటింట్లోంచి నాకు వినపడేది. ఒక గొంతే, ఆయనదే. ఆ పిట్టకు మాటలొచ్చునని ఆయన పోయినాకనే నాకు తెలిసింది.

ఆయన్ను సాగనంపినాక అది నోరు మూసుకునింది. ఉన్నట్టుండి ఆ పొద్దు దగ్గింది. తర్వాత "అస్పెత్తో" అనింది. తల పక్కకు వంచి కాసేపు చూసింది. "అస్పెత్త" అనింది. మళ్లా చూసింది. "అస్పెత్తాతె" అనింది. ఇంక నాకు వీపు చూపించి గోడ తట్టు తిరిగింది. రోజూ ఇదే వరస. ఒక్క తెలుగు మాట లేదు. నా పేరు అసలే లేదు.

మన సంఘపెద్ద యేసుదాసు ప్రార్థన చేద్దామని వచ్చినాడు. మామకు చిన్ననాటి జతగాడు కదా. పిట్ట దగ్గగానే "అన్నా" అని లేచి నిలబడినాడు. చుట్టూ చూసుకున్నాడు. అంతే, చెప్పులు వదిలేసి వీధిలో పడినాడు. అవి ఇంకా మా గడప ముందరే ఉండాయి. మర్నాడు కబురంపినాడు, అవి లాటిను మాటలంట, రోమను కాథలిక్కుల ప్రార్థనంట. మోషే మనకు తెలియకుండా రోమనుల్లో కలిసినాడేమో అని సంఘంలో గుసగుస.

పెండ్లికి ముందు, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, మీ మామ బెంగుళూరు దగ్గర యుద్ధఖైదీల క్యాంపు ఆస్పత్రిలో గాయాలకు కట్లు కట్టే డ్రెస్సరుగా పని చేసినాడు. ఆడ ఎవరో పిల్లగాడు జ్వరంతో మంచం పట్టి ఉండెనంట, వానితో పొద్దుపోయేదంట. వాడు పోయినాడంట. ఒకేఒక్కసారి చెప్పినాడు. మళ్లా అడిగితే లేచి, కడిగిన గ్లాసునే కడుక్కుంటా కూర్చున్నాడు.

కాలు ఊపకుండా పండుకో.

మీ అత్త


నంద్యాల,
12 జులై 1978

మహారాజరాజశ్రీ అత్తగారి సముఖమునకు,

తమ అల్లుడు నేటినుండి ఇటాలియన్ భాషా పండితుడు. ఈ బిరుదు నాకు నేనే ఇచ్చుకున్నాను. అడిగినవాళ్లు లేరు, అడ్డుపడినవాళ్లూ లేరు.

మా చరిత్ర మాస్టారిని అడిగితే, ఆ క్యాంపుల్లో ఉన్నది ఇటలీ ఖైదీలన్నాడు. వెంటనే కర్ర పట్టుకుని గెంతుకుంటూ పోయి మిషను బంగళా పాత బీరువా తెరిపించాను. ఎప్పుడో వెళ్లిపోయిన ఒక దొరసాని వదిలేసిన ఇటాలియన్ వాచకం దొరికింది. మొదటి పాఠాలన్నీ చెదలు తినేశాయి. కాబట్టి ఇటాలియన్‌లో నాకు నమస్కారం చెప్పడం రాదు, నేరుగా క్రియల్లోకి దిగిపోవడమే.

తెలుగును తూర్పుదేశపు ఇటాలియన్ అంటారని మా తెలుగు మాస్టారు తెగ పొంగిపోతాడు. ఆ మాట పుట్టించిన దొర ఎవరో గానీ ఆళ్లగడ్డ బస్టాండులో దిగి ఉండడు. "యాడికిప్పా? ఎక్కు, ఎక్కు! దూరు లోపలికి!" అన్న కండక్టరు గొంతు ఒక్కసారి విని ఉంటే రెండు భాషలకూ క్షమాపణ చెప్పుకునేవాడు.

అసలు విషయానికి వస్తాను. పిట్ట మాట పుస్తకంలో ఉంది. అది ప్రార్థన కాదు, క్రియ. మనకు చేస్తాను, చేస్తావు, చేస్తాడు ఉన్నట్టే దానికీ ఆరు రూపాలు. నేను, నువ్వు, వాడు, మనం, మీరు, వాళ్లు. నీ గోరింక ఒకటోది, మూడోది, అయిదోది చెబుతోంది. తక్కినవి మింగేసినట్టుంది. నేనూ పరీక్షల్లో అంతే, పిట్టను తప్పుపట్టలేను.

యేసుదాసు పెద్దయ్యకు చెప్పు, క్రియకు మతం లేదు.

దాని అర్థం కూడా పుస్తకంలో ఉంది. రాయమంటావా?

సుందరరాజు


ఆళ్లగడ్డ,
20 జులై 1978

సుందరా,

అర్థం రాయొద్దు.

నాతో కాపురం చేసినన్నాళ్లూ నా చెవిన వెయ్యని మాట ఆయన పిట్టకు నేర్పినాడు. ఎవరి కోసం నేర్చుకున్నాడో, ఎవరిని తలుచుకుని వల్లించినాడో. అది నాకు సంబంధం లేని మాట అని తెలిసిపోతే రేపటినుంచి ఈ ఇంట్లో పొయ్యి ఎట్లా ముట్టించేది? తెలియకుండా ఉంటే కనీసం ఆయన దగ్గు నాది.

పిట్ట మేత ముట్టడం లేదు. నానబెట్టిన శనగలు ముక్కుతో పక్కకు నెడతాంది. రొమ్ము ఎముక చేతికి తగులుతాంది.

క్రియకు మతం లేదని యేసుదాసుకు చెప్పినా. "క్రియ లేని విశ్వాసం ఉంటాది గానీ విశ్వాసం లేని క్రియ ఏందక్కా?" అన్నాడు. మామ జ్ఞాపకార్థ కూడిక ఆగస్టు ఆఖర్లో పెట్టుకున్నాం కదా. ఆలోపల పిట్ట ఇంట్లో ఉండకూడదంట. అహోబిలం తట్టు అడవి మనిషి ఒకడున్నాడు, వానికి ఇచ్చి చెట్లలో వదిలించాలంట. చేతిలో మేత తిని పెరిగిన పిట్ట, సుందరా. కాకులు ఒక్క పూట బతకనిస్తాయా? అది పోతే ఈ ఇంట్లో ఆయన గొంతు అనేది మళ్లా ఉండదు.

అర్థం వద్దు గానీ పలికేది నేర్పు. మరిచిపోయిన సగం వింటే అన్నా తింటుందేమో.

మీ అత్త


నంద్యాల,
30 జులై 1978

శిష్యురాలైన అత్తకు గురువైన అల్లుడి ఆశీస్సులు. (ఈ వాక్యం మా నాయనకు చూపించకు.)

పలక తీసుకో.

మొదటి సంగతి. ఇంగ్లీషు అక్షరం చూస్తే నాకు ట అనిపిస్తోంది. నువ్వు త రాశావు. నేను పుస్తకం చూసినవాణ్ని, నువ్వు పిట్టను విన్నదానివి. కాబట్టి త.

రెండోది విరుపు. అ అని ఒంటరిగా వదిలెయ్. తర్వాత స్పెత్. తర్వాత తో. స వచ్చి అ మీద వాలకూడదు, ప తోనే పోవాలి. మనం స్పె అని ఒక్క అక్షరంగా రాస్తామే, అట్లా. త్త దగ్గర మాత్రం వాళ్లూ మనమూ వేరు. మనం రెండు త ల చేతా ఒకే ఇంట్లో కాపురం పెట్టిస్తాం. వాళ్లు అన్నదమ్ములు పంచుకున్నట్టు నడిమికి గోడ పెట్టి, ఒకటి ముందు ఇంటికి, ఒకటి వెనకింటికి ఇస్తారు. ఆ గోడ మీద చెయ్యి ఆనినట్టు నాలుక అక్కడ ఒక్క క్షణం ఆగాలి.

మూడోది పోటు. జొన్నలు దంచేటప్పుడు రోకలి ఒకచోటే గట్టిగా పడుతుంది కదా. ప్రతి మాటలోనూ ఒక అక్షరం మీద అట్లా పడాలి. పిట్ట మింగినవి ఇవి: అ-స్పెత్-తి, పోటు స్పెత్ మీద. అ-స్పెత్-తి-ఆ-మో, పోటు ఆ మీద. అ-స్పెత్-తా-నో, పోటు తా మీద. ఈ ఆఖరిది ఉన్నచోటే చెద బొక్క పడింది. అయినా లెక్క ప్రకారం ఇదే సరి. నా బి.ఏ. మీద ఒట్టు.

ఆరూ వరసగా, ఎక్కాల్లాగా, ఊపిరి తిప్పుకోకుండా వినిపించు. సిగ్గుపడి మేత ముడుతుంది.

ఆచార్య సుందరరాజు


ఆళ్లగడ్డ,
10 ఆగస్టు 1978

సుందరరాజూ,

నువ్వు చెప్పినట్టే ఎక్కాల్లాగా ఆరూ అన్నా. పిట్ట పంజరానికేసి కొట్టుకునింది. రెక్క చీరుకుని నెత్తురొచ్చింది. మళ్లా అంటే గుడ్లురిమి చూసి కిందికి దిగి మూలకు దూరింది. ఆ రోజునుంచి దగ్గడం కూడా మానేసింది.

దగ్గినప్పుడు భయమేసేది. దగ్గనప్పుడు అంతకన్నా భయమేస్తాంది. పొద్దున నీళ్లు కాగుతాయి, ఆ కళపెళ తప్ప ఇంట్లో శబ్దం ఉండదు. రెండోసారి పోయినాడు మీ మామ. ఈసారి పంపించింది నేనే.

పక్కింటి లింగమ్మ గోడమీదినుంచి వినింది. "టీచరమ్మకూ పట్టిందే తల్లీ" అని కొళాయి కాడ చెప్పింది. యేసుదాసు ముఖం చూపించడం లేదు, కబురు మాత్రం పంపినాడు. ఈ నెల ఆఖరి సోమవారం అడవి మనిషిని తోలుకొస్తాడంట.

ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. ఆ మాటలు పుస్తకంలో ఉండాయా, లేకుంటే మంచంలో పొద్దుపోక నీ నోటిదూలతో అల్లినావా? ముసలిదాన్ని పిట్ట ముందర కూర్చోబెట్టి నవ్వుకుంటాండావా?

దానమ్మ


నంద్యాల,
17 ఆగస్టు 1978

అత్తా,

మాటలు అల్లలేదు. ఒట్టు ఈసారి బి.ఏ. మీద కాదు, మామ మీద. నవ్వుకోలేదు. నాకు తెలియనిది తెలిసినట్టు రాశాను, అది నిజం.

నీ ఉత్తరం చదివిన సాయంత్రమే బాలస్వామి సైకిలు వెనక కూర్చుని, కట్టు కట్టిన కాలు ఫిరంగిలా ముందుకు చాచి, ఊరవతల రోమన్ ఫాదరు దగ్గరికి పోయాను. ఆయన రోములో చదివొచ్చిన మలయాళీ. ఇది యేసుదాసు పెద్దయ్యకు తెలిస్తే గోరింకతో పాటు నన్నూ అహోబిలం అడవిలో వదిలేయిస్తాడు.

ఫాదరు నాచేత ఆరూ చెప్పించుకున్నాడు. మొదట నవ్వాడు. పిట్ట సంగతి చెప్పాక నవ్వలేదు. తన కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, వేలితో బల్ల మీద దరువేస్తూ చెప్పించాడు. రెండు చోట్ల తప్పు నాది. తి, ఆ అని విడదీయకూడదు. త్యా, ఒక్కటే అక్షరం: అ-స్పెత్-త్యా-మో. ఆఖరిది అ-స్పెత్-త-నో. పోటు తా మీద కాదు, వెనక్కి, స్పెత్ మీదే. తర్వాతి త, నో రెండూ దంచాక రాలిన పొట్టులా తేలిగ్గా రాలిపోవాలి. నేను దాన్ని పట్టుకుని తానో అని సాగదీయించాను. పిట్టకు ఒళ్లు మండదా?

దారంతా వల్లించుకుంటూ వచ్చాను. హాస్టలు గేటు దగ్గర గొంతు సవరించుకుని రెండుసార్లు దగ్గాను, ఆనక నిట్టూర్చాను. బాలస్వామి సైకిలు ఆపేశాడు. "అప్పా, అది నీ దగ్గు కాదు" అన్నాడు. నాకూ అట్లాగే అనిపించింది.

ఒక్కసారి మళ్లీ ప్రయత్నించు.

సుందరం


ఆళ్లగడ్డ,
29 ఆగస్టు 1978

నాయనా సుందరా,

నిన్ను మాట అన్నందుకు ఏమనుకోవద్దు. జరిగింది జరిగినట్టు రాస్తా, నిదానంగా చదువు. బాలస్వామికి కూడా చదివి వినిపించు.

మొన్న ఆదివారం గుడిలో కీర్తన చదువుతాండాం. నీకు తెలుసు కదా మన పద్ధతి, పాస్టరు ఒక వచనం, సంఘం ఒక వచనం, అందుకుని అందుకుని పోతాం. పాస్టరు తన వచనం ముగించేసరికి వీధిలో పెండ్లి బ్యాండు వచ్చింది. అందరి చూపులూ కిటికీ మీదికి పోయినాయి. ఒక్కరూ అందుకోలేదు. పాస్టరు పుస్తకంలోంచి తలెత్తి, మెడ పక్కకు వంచి, మా తట్టు చూసినాడు.

అచ్చం పిట్ట.

పుస్తకం మూసేసినా. అది ఏమీ మింగలేదు సుందరా. అది చదివేది దాని వచనం. మనం అందుకుంటామని చూసి, అందుకోకపోతే తరువాతి దానికి పోతాంది. మామ దానికి కీర్తన చదివినట్టు నేర్పినాడు. ఇది ఒకటి, ఆయనొకటి. రెండూ ఒకే గొంతు, అందుకే వంటింట్లో నాకు ఒక్కరే అనిపించినాడు. నేను పోయి ఆరూ నేనే అంటే, సంఘం వచనాలన్నీ పాస్టరే చదువుకుని ఆమేననినట్టు. దానికేం మిగిలింది?

సోమవారం పొద్దున పొయ్యి మీద నీళ్లు పెట్టినాక యేసుదాసు వచ్చినాడు, వెనక అడవి మనిషి గంపతో. గడప దాటలేదు.

"అక్కా, ఇచ్చెయ్. నీ మంచికే చెప్తాండా."

"నీ చెప్పులు ఆడనే ఉండాయి యేసుదాసూ, ఏసుకుని పో. పోయే ముందర లోపలికొచ్చి కూచో. ఒక్క పారాయణం."

"నాకు ఆ గొంతు ఇనబుద్ధి కాదక్కా" అన్నాడు. అప్పుడు చూసినా వాని ముఖం. రోమనూ లేదు, లాటినూ లేదు. జతగాడు లేని మనిషి, అంతే.

పెరట్లోకి వచ్చి వాకిలి పట్టుకుని నిలబడినాడు. నేను మామ స్టూలు మీద కూర్చున్నా. పిట్ట మూలలోనే ఉంది. ఏం చెయ్యాలో తోచక నేనే దగ్గినా, ఆయన మాదిరి. రెండుసార్లు, నిట్టూర్పు.

పిట్ట తల ఎత్తింది. "అస్పెత్తో" అనింది.

నేను "అ-స్పెత్-తి" అన్నా. స్పెత్ మీద పోటు.

మూలలోంచి ఎగిరి పుల్ల మీదికొచ్చింది. "అస్పెత్త." నేను అ-స్పెత్-త్యా-మో అన్నా, త్యా ఒక్క అక్షరంగా. అది నా తట్టు జరిగింది. "అస్పెత్తాతె." నేను ఆఖరిది అన్నా. పొట్టు రాలినట్టే వదిలినా.

పిట్ట ముక్కును పుల్లకు తుడుచుకునింది, ఇటు ఒకసారి, అటు ఒకసారి. తర్వాత తెలుగులో, మీ మామ గొంతుతో, పెరడంతా వినపడేటట్టు కేకేసింది:

"ఏమ్మే! నీళ్లు కాగినాయా?"

రోజూ పాఠం ముగించి ఆయన కేసే కేక అది. "కాగినాయి, రాండి" అంటా నేను లేచినా. కాగు దించినా. బచ్చలింట్లో తొట్టిలో పోసి, చన్నీళ్లు కలిపి, చెయ్యి పెట్టి చూసి, తువ్వాలు దండెం మీద వేసి, పక్కకు తప్పుకుని దారి ఇచ్చినా. దారి ఇచ్చి నిలబడినా చానాసేపు.

నేను తిరిగొచ్చేసరికి యేసుదాసు పంజరం ముందు చతికిలబడి ఉన్నాడు. పిట్ట శనగలు తింటాంది. అడవి మనిషి "ఏదయ్యా పిట్ట?" అని అడిగినాడు.

"పో అప్పా" అన్నాడు యేసుదాసు. "ఈడ పిట్ట ఏం లేదు."

చెప్పులు ఏసుకునే పోయినాడు. కూడిక సెప్టెంబరు రెండో వారానికి జరిపి ఈ ఇంట్లోనే పెడతామన్నాడు.

ఇప్పుడు అర్థం రాయి. నాకు భయం లేదు.

మీ అత్త


నంద్యాల,
5 సెప్టెంబరు 1978

అత్తా,

ఈసారి జోకు రావడం లేదు. చారులో కూడా వెతికాను, దొరకలేదు. బాలస్వామి నీ ఉత్తరం విని వంటింట్లోకి పోయి చాలాసేపు ఉల్లిపాయలు కోశాడు. ఈ రోజు వంటలో ఉల్లిపాయ లేదు.

అర్థం ఇది. ఎదురు చూడటం.

పిట్ట, "నేను ఎదురు చూస్తాను" అంటుంది. నువ్వు, "నువ్వు ఎదురు చూస్తావు" అంటావు. అది, "అతను ఎదురు చూస్తాడు" అంటుంది. నువ్వు, "మనం ఎదురు చూస్తాం." అది, "మీరు ఎదురు చూస్తారు." నువ్వు, "వాళ్లు ఎదురు చూస్తారు."

క్యాంపు ఆస్పత్రిలో ఆ జ్వరం పిల్లవాడు మంచం మీద, మామ స్టూలు మీద ఉండి ఇట్లాగే అందుకుని ఉంటారు. ఇంటికి పోయే ఓడ కోసం ఎదురు చూసేవాడికి ఇంకే క్రియ గుర్తొస్తుంది? వాడు పోయాక మామ చేతిలో సగమే మిగిలింది. దాన్ని ఒంటరిగా అనలేక గోరింకకు ఆ తక్కిన సగం నేర్పుకున్నాడు. ఇదంతా నా ఊహ, పుస్తకంలో లేదు. కానీ అది నీ దగ్గర దాచిన మాట కాదు అత్తా. చనిపోయినవాడి వంతు అది. దాన్ని నీ చేతికివ్వడానికి ఆయనకు భయమేసి ఉంటుంది.

కట్టు విప్పారు. దసరా సెలవులకు వస్తాను.

సుందరం


ఆళ్లగడ్డ,
14 సెప్టెంబరు 1978

సుందరా,

ఎదురుచూపా. సరే.

ఆ పిల్లగానికి ఒక తల్లి ఉండింటాది కదా, ఆ ఓడ కోసం ఆయమ్మా చూసింటాది. కూడిక రోజున ఆయమ్మను కూడా తలుచుకున్నా. పేరు తెలియదు, దేవునికి తెలుసు. యేసుదాసు ఆమేనన్నాడు.

నీకు ఒక్క సంగతి చెప్పాల. నీ ఉత్తరం వచ్చేదాకా రోజూ ఆరూ ముగించినా. రోజూ కేకేసినాడు. రోజూ నీళ్లు మోసి తొట్టిలో పోసి దారి ఇచ్చినా. రోజూ ఆ నీళ్లు చల్లారిపోయినాయి. చల్లారిన నీళ్లలో చెయ్యి పెట్టడం నావల్ల కావడం లేదు.

అందుకని ఇప్పుడు అయిదు దాకానే. ఆఖరి మాట నేను అనడం లేదు. పిట్ట మెడ వంచి చూస్తాది. చూసి చూసి శనగలు తింటాది. పాఠం ముగియలేదు కాబట్టి ఆయన స్టూలు మీదినుంచి లేవడు. లేవకపోతే యాడికి పోతాడు? వేపచెట్టు కిందనే ఉంటాడు. వంటింట్లో నాకు తెలుస్తా ఉంటాది. ఇన్నేండ్లు నీళ్లు కాగబెట్టి ఆయన కోసం చూసిన దాన్ని నేను. ఇప్పుడు కొన్నాళ్లు ఆయన్ను నా కోసం చూడనీ.

నువ్వు దసరాకు రా. జొన్నరొట్టె, నంజుకునేకి ఊరిమిండి చేస్తా. కానీ నీ నోటికి తాళం ఉండదు, అందుకే ముందే చెప్తాండా. పెరట్లో పిట్ట ముందర ఆ ఆఖరి మాట జారవిడిచేవు. ఆయన కేకేసేసరికి పొయ్యి మీద నీళ్లు ఉండవు.

మీ అత్త